కచేరీకి సైకిలు మీద

మన పత్రిక అందే ఇళ్ళలో ఒకనాడు సైకిలు లేని ఇల్లు అరుదు. తాతల కాలంలో అది ఉద్యోగస్థుని గుర్తు. వాకిట్లో స్టాండు వేసి నిలబెట్టిన నల్లని సైకిలును చూసి ఇంటి యజమాని అంతస్తు అంచనా కట్టేవారు. పెళ్ళిమాటల్లో చేతిగడియారంతోపాటు సైకిలు పేరు కూడా వచ్చేది. అది ఇవ్వలేదని అలిగి కూర్చున్న అల్లుళ్ళు ప్రతి బంధువర్గంలోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. రాత్రివేళ దీపం లేకుండా తొక్కితే పోలీసు జవాను ఆపేవాడు. ఊళ్ళో తిరగడానికి పన్ను కట్టి, రేకుబిళ్ళ తెచ్చి తగిలించుకొనేవారు. అంతటి మర్యాద అనుభవించిన వాహనం ఇప్పుడు "పాపం, సైకిలు మీద పోతున్నాడు" అనిపించుకొనే స్థితికి వచ్చినది.

ఆ "పాపం" అనే మాట రోజూ వినేవాళ్ళం మేము. మాది అదియమాన్‌కోట్టై. ధర్మపురికి సుమారు ఏడు కిలోమీటర్లు, పాతవారి లెక్కలో నాలుగు మైళ్ళకు పైచిలుకు. ఇక్కడి నుంచి ధర్మపురి కచేరీలకు గుమాస్తా పనికి పోయే మేము నలుగురం, ముగ్గురు మగవాళ్ళం, ఒక సోదరి, కొన్నేళ్ళుగా సైకిళ్ళ మీదనే వచ్చిపోతున్నాము. మా నలుగురిలో ఎవరూ క్రీడాకారులు కారు. పెద్దాయనకు యాభై దాటినవి, తక్కినవాళ్ళం నలభైలలో ఉన్నాము. ఈ రాకపోకలు మా బ్రతుకులను ఎంతవరకు మార్చినవి, ఎక్కడ మార్చలేకపోయినవి అన్నది నలుగురికీ చెప్పదగిన సంగతే అని తోచి వ్రాస్తున్నాము.

మా ఊరి పేరు వినగానే తమిళం చదువుకున్నవారికి అదియమాన్ నెడుమాన్ అంజి గుర్తుకు వస్తాడు. తగడూరు, అనగా నేటి ధర్మపురి, రాజధానిగా ఏలిన సంగకాలపు దొర. తింటే దీర్ఘాయువు కలిగే ఉసిరికాయ తన చేతికి దొరికితే, తాను తినకుండా ఔవైయార్‌కు ఇచ్చివేసినాడని కథ. విజయనగర కాలం నుంచి తెలుగు కుటుంబాలు ఈ బారామహల్ ప్రాంతానికి వచ్చి స్థిరపడినవి. మా ఊళ్ళో చెన్నరాయ పెరుమాళ్ గుడి ఉన్నది, లోపల పాత వర్ణచిత్రాలున్నవి. కాలభైరవుని గుడి మరింత ప్రసిద్ధి. బహుళాష్టమి నాడు జనం కిక్కిరిసిపోతారు, ఆ రోజు మేము ఒక పావుగంట ముందే బయలుదేరుతాము. ధర్మపురి 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి జిల్లా అయినది కనుక కచేరీలు పెరిగినవి, కచేరీలతోపాటు మావంటి గుమాస్తాలూ పెరిగినారు. ఊరి సంగతి ఇంతటితో చాలు.

మేము సైకిలు ఎక్కడం ఏదో ఆదర్శం కోసం జరగలేదు. 2020 మార్చి చివర దేశమంతటా బస్సులు నిలిచిపోయినవి. కొన్నాళ్ళకు కచేరీలకు రమ్మన్నారుగాని బస్సులు మాత్రం సరిగా నడవలేదు. ఒకరి బండి వెనుక మరొకరు కూర్చుండడానికి భయం. అటకమీద దుమ్ము పట్టిన సైకిలు ఒకరింట్లో దిగింది. మరొకరింట్లో కొడుకుకు బళ్ళో ఇచ్చిన ప్రభుత్వ సైకిలు పనికివచ్చింది. ఆ ఏడాదే జూన్ 3న, ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిలు దినంనాడే, అట్లాస్ కంపెనీవారు సాహిబాబాదులోని తమ కార్ఖానాను మూసివేసినారు. 1951 నుంచి దేశానికి సైకిళ్ళు అందించిన పేరది. అక్కడ కార్ఖానా తలుపు మూసుకొన్న వేసవిలోనే ఇక్కడ మేము చైనుకు నూనె పోసుకొంటున్నాము.

తరువాత బస్సులు వచ్చినవి. సోదరికి మరీ సులువైనది. 2021 మే నుంచి సాధారణ టౌన్ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదు గదా! అయినా ఎవరమూ దిగలేదు. ఎందుకు దిగలేదన్నదే అసలు సంగతి.

మొదట డబ్బు లెక్క చూద్దాము, గుమాస్తాలం కనుక. రోజుకు పద్నాలుగు కిలోమీటర్లు. నెలకు ఇరవై ఐదు రోజులు వేసుకొంటే మూడువందల యాభై. మామూలు మోటారుబండి దీనికి ఏడెనిమిది లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు వంద రూపాయల చుట్టూ ఉన్న రోజుల్లో ఏడాదికి తొమ్మిది పదివేలు అవుతుంది, ఇన్సూరెన్సు, ఆయిలు, రిపేరు వేరే. మంచి మామూలు సైకిలు ఏడెనిమిది వేలకు వస్తుంది, పదేళ్ళు మన్నుతుంది. దీనిని అతిగా చెప్పుకోనవసరం లేదు. మిగిలిన ఆ డబ్బుతో మేమెవరమూ మిద్దె కట్టలేదు. ఒకరింట్లో చీటీ కట్టినారు, ఒకరింట్లో పాపకు ట్యూషను పెట్టినారు, మిగతాది ఎటు పోయిందో ఎటు పోయిందో!

కాలం లెక్కే మమ్మల్ని ఆశ్చర్యపరిచినది. బస్సు అయితే స్టాపు దగ్గర కాచుకొనేది ఒక పావుగంట, ప్రయాణం ఇరవై నిమిషాలు, దిగి నడిచేది పది. సైకిలు మీద మెల్లగా తొక్కినా అరగంటే. ఆ అరగంట బస్సు అరగంటవంటిది కాదు. బస్సులో చేతిసంచి మీద ఒక కన్ను, కండక్టరు చిల్లర మీద ఒక కన్ను. కచేరీలో దొరవారి చూపు, ఇంట్లో గ్యాసు, ఫీజు, నీళ్ళ మోటారు. మధ్యలో ఈ అరగంట ఎవరిదీ కాదు, మనది. సాయంత్రం ఫైళ్ళ చికాకు ఇంటిదాకా రాదు. దారిలోనే ఎక్కడో జారిపోతుంది. "వాకిట్లోకి రాగానే అరిచేవాడివి, ఇప్పుడు నీళ్ళు అడిగి తాగి అరుస్తున్నావు" అని మాలో ఒకరి తల్లి అన్నది. ఆ మాత్రం మార్పుకే ఆ ఇంటి పిల్లలు ఎంత సంతోషించినారో!

ఏడాదికి రెండువందల డెబ్బై పనిదినాలు వేసుకొంటే మూడువేల ఏడువందల ఎనభై కిలోమీటర్లు తేలినవి. మా ఊరి పక్కనుంచి పోయే 44వ నెంబరు జాతీయ రహదారి శ్రీనగరు నుంచి కన్యాకుమారి దాకా ఉన్నది. పైన హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా మన తెలుగుసీమనంతా తడుముకొంటూ వచ్చి బెంగుళూరు, కృష్ణగిరి దాటి మా దగ్గరకు వస్తుంది. దాని పొడవు మూడువేల ఏడువందల కిలోమీటర్లకు పైబడినది. అంటే కచేరీకి పోయి వస్తూనే ఏడాదికొకసారి రమారమి శ్రీనగరు నుంచి కన్యాకుమారికి తొక్కినట్లు లెక్క. ఈ లెక్క చెప్పినప్పుడు కచేరీలో ఒక పెద్దమనిషి, "మరి టి.ఏ. బిల్లు పెట్టలేదా?" అని అడిగినారు.

ఇక ఆరోగ్యం. ఇక్కడ కొంచెం నిలిచి మాట్లాడవలసి ఉన్నది.

మాలో పెద్దాయనను, మేమంతా అన్నగారు అంటాము, ఆయన తండ్రిగారు యాభై ఎనిమిదో ఏట మధుమేహంతో కాలు పోగొట్టుకొని, మూడేళ్ళు మంచం మీద ఉండి పోయినారు. అన్నగారికి నలభై ఎనిమిదో ఏట రక్తపరీక్షలో చక్కెర కనబడింది. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకొని నెల రోజులు ఇంట్లో చెప్పలేదు. మన కుటుంబాలలో ఇది క్రొత్త కథ కాదు. 2023లో భారత వైద్య పరిశోధనా మండలివారు, మదరాసులోని మధుమేహ పరిశోధనా సంస్థవారు కలిసి ప్రకటించిన లెక్కలో దేశంలో మధుమేహ రోగులు పదికోట్లకు పైగా ఉన్నారని తేలింది. మన పెళ్ళి విందుల్లో పంక్తికి నలుగురు లడ్డు వద్దని చేయి అడ్డం పెట్టడం చూస్తే ఆ లెక్కను నమ్మడానికి కష్టం లేదు.

కూర్చుని చేసే ఉద్యోగం మనిషిని ఏమి చేస్తుందో మొదట పట్టి చూపినది లండను బస్సులే. జెర్రీ మారిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 1953లో ఒక పరిశోధన ప్రకటించినారు. రెండంతస్తుల బస్సులో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. ఈ సంగతి విన్నాక మేము మా కచేరీని ఆ బస్సుతో పోల్చుకొని చూసుకొన్నాము. అందరమూ డ్రైవర్లమే, మెట్లెక్కేవాడు అటెండరొక్కడే.

2017లో గ్లాస్గో విశ్వవిద్యాలయంవారు బ్రిటనులో రెండున్నర లక్షలమందికి పైగా ఉద్యోగులు పనికి ఎట్లా పోతున్నారో, తరువాత వారి ఆరోగ్యం ఏమైనదో ఏండ్ల తరబడి గమనించి చెప్పినారు. సైకిలు మీద పనికి పోయేవారిలో ఆ కాలంలో మరణించే అవకాశం నూటికి నలభై వంతులు తక్కువగా కనబడినది. గుండెజబ్బు, క్యాన్సరు కూడా తక్కువే. సైకిలే దీనికంతటికీ కారణమని వారు ఒట్టు వేయలేదు. ముందే ఆరోగ్యంగా ఉన్నవారే సైకిలు ఎక్కుతారేమో అన్న అనుమానం ఉండనే ఉన్నది. మేమూ ఒట్టు వేయము. పెద్దలకు వారానికి నూటయాభై నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత మాత్రం మాకు బుధవారం సాయంత్రానికే పూర్తి అవుతున్నది. వ్యాయామం కోసం తెల్లవారుజామున లేవనక్కరలేదు, నెల కట్టి వ్యాయామశాలకు పోనక్కరలేదు. వ్యాయామం చేయాలని సంకల్పించుకొన్నవాడు మూడో వారం మానేస్తాడు. కచేరీకి పోవలసినవాడు మానలేడు. కిటుకంతా ఇదే.

అన్నగారికి మందు పోలేదు. పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే మోతాదు పెరగలేదు. మూడు నెలల సగటు చూసే పరీక్షలో అంకె కొంత దిగింది. డాక్టరుగారు కాగితం రెండుసార్లు తిప్పి చూసి, "ఏమి మార్చినారు?" అని అడిగినారట. "బస్సు మార్చినాను" అన్నారు అన్నగారు. ఇప్పుడు ఆయన పరీక్ష కాగితాన్ని జేబులో దాచడం లేదు, ఫ్రిజ్జు తలుపుకు అంటిస్తున్నారు. చక్కెర ఉన్నవారు తొక్కడం మొదలుపెట్టేముందు డాక్టరును అడగవలసినదే. మందు వేసుకొని ఖాళీ కడుపుతో బయలుదేరితే దారిలో కళ్ళు తిరుగుతవి. అన్నగారి సంచిలో రెండు బెల్లం ముక్కలు ఎప్పుడూ ఉంటాయి.

ఇక అన్నింటికంటె కష్టమైనది నామోషీ. ఎండ, గాలి, చిన్న ఎత్తు, వీటిని కాళ్ళు పదిరోజుల్లో నేర్చుకొంటాయి. నామోషీని తొక్కి దాటడానికి మాకు రెండేళ్ళు పట్టినది. మొదట్లో సందులో మలుపు తిరిగేదాకా దిగి నడిపించుకొని పోయినవాళ్ళం ఉన్నాము. కచేరీలో మోటారుబళ్ళకు నీడ షెడ్డు, సైకిలుకు గోడవార. "జీతం సరిగా రావడం లేదా?" అని పలకరించిన బంధువులకు లెక్క లేదు.

రెండేళ్ళ క్రితం అన్నగారి పెద్దమ్మాయికి సేలం నుంచి ఒక సంబంధం వచ్చినది. పిల్ల చదువుకున్నది, చిన్న ఉద్యోగంలో ఉన్నది. జాతకాలు కుదిరినవి. చూపులకు వచ్చిన రోజు అన్ని మాటలూ బాగానే జరిగినవి. పోయిన వారానికి మధ్యవర్తి ఫోను చేసి, నీళ్ళు నములుతూ, "తండ్రి సైకిలు మీద కచేరీకి పోతాడట, అప్పులేమైనా ఉన్నవేమో అని వాళ్ళు జంకుతున్నారు" అని చెప్పినాడు. సంబంధం తప్పిపోయినది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. వదినగారు మాతోనే అన్నది: "మీరంతా కలిసి ఆయనను సైకిలు ఎక్కించినారు. చక్కెర తగ్గితే తగ్గింది, నా బిడ్డ పెళ్ళి పోయింది. ఒక బండి కొని వాకిట్లో పెట్టుకొంటే మీ సొమ్మేమి పోయింది?" ఆ మాటలో న్యాయం లేదనడానికి మాకు నోరు రాలేదు. మనం ఉన్న లోకం అటువంటిది. పిల్ల మాత్రం తండ్రితో, "నాయనా, సైకిలు చూసి లెక్క కట్టే ఇంటికి పోయి నేనేమి చేసేది?" అన్నది. వదినగారికి కోపం ఇంకా తగ్గలేదు. సంబంధాలు చూస్తూనే ఉన్నారు. అన్నగారు సైకిలు దిగలేదు, బండీ కొనలేదు. ఒక్క మార్పు జరిగింది. ఎవరైనా చూడవస్తున్నారంటే ఇదివరకు సైకిలును పెరట్లోకి తోసేవారు. ఇప్పుడు అది వాకిట్లోనే ఉంటుంది, ఆ పిల్లే తుడిచి పెడుతుంది.

అంతస్తు గురించి మాట్లాడేటప్పుడు మాకు పుచ్చలపల్లి సుందరయ్యగారు జ్ఞాపకం వస్తారు. రాజకీయం ఎవరిది వారిదే, దాని జోలి మనకు వద్దు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో భూములున్న ఇంట పుట్టినవాడు. 1952లో రాజ్యసభకు పోయినప్పుడు ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. తరువాత హైదరాబాదులో శాసనసభకూ అట్లాగే. కార్ల వరుసలో ఆ సైకిలు స్టాండు వేసి ఉన్న సంగతి మన పెద్దలు కథలాగా చెప్పుకొనేవారు. పార్లమెంటు మెట్ల దాకా పోయిన వాహనం మన తాలూకా కచేరీ గేటు దగ్గర సిగ్గుపడవలసిన పని ఏమున్నదో తెలియదు.

మాతో వచ్చే సోదరి కథ వేరు. ఆమెకు నామోషీ కంటె ముందు అనుమతి కావలసి వచ్చినది. అత్తగారు, "కోడలు సైకిలు తొక్కుకొంటూ రోడ్డు వెంబడి పోతుంటే ఊరేమంటుంది?" అన్నది. తమిళనాడులోనే పుదుక్కోట్టై జిల్లాలో 1991 నుంచి జరిగినది ఆ అత్తగారికి ఎవరూ చెప్పి ఉండరు. అక్కడ అక్షరాస్యతా ఉద్యమంలో, షీలా రాణి చుంకత్ కలెక్టరుగా ఉన్న కాలంలో, చదువుతోపాటు ఆడవారికి సైకిలు నేర్పినారు. కూలివారు, రాతిక్వారీలలో పనిచేసేవారు, బాలవాడీ టీచర్లు, నర్సులు, వేలాదిమంది ఎక్కినారు. ఆడవారి సైకిళ్ళు కొట్లలో అయిపోతే మధ్యన కడ్డీ ఉన్న మగవారి సైకిళ్ళే కొన్నారు. వెనుక క్యారియరు మీద నీళ్ళ బిందె, ముందర పిల్లవాడు. బస్సు కోసం, భర్త కోసం, అన్నదమ్ముల కోసం కాచుకొనే పని తప్పిపోయినది. దీనిని గురించి పాత్రికేయుడు పి. సాయినాథ్ వ్రాసినందువల్ల దేశమంతా తెలిసింది. ఆయనా తెలుగు కుటుంబంవాడే.

మా సోదరి చిన్నప్పుడు నేర్చుకొన్నది కాదు. ముప్పై తొమ్మిదో ఏట, స్కూలు మైదానంలో, చీకటి పడ్డాక, కొడుకు వెనుక పట్టుకొంటే నేర్చుకొన్నది. చిన్నపిల్లలు సీటు అందక కడ్డీ సందున కాలు దూర్చి తొక్కుతారే, తమిళంలో దానిని "కురంగు పెడల్" అంటారు. ఆ వాడు తల్లికి అదే మొదట నేర్పబోయినాడట! రెండుసార్లు మోకాలు గీసుకొన్నది. ఇప్పుడు చుడీదారు వేసుకొని, మా అందరికంటె ముందు పోతుంది. టిక్కెట్టు లేని బస్సు ఉండగా ఈ తొక్కుడెందుకు అని అడిగితే, "అన్నా, బస్సు దాని వేళకు పోతుంది, నేను నా వేళకు పోతాను" అన్నది. కచేరీ ఆలస్యమైనా చివరి బస్సు పోతుందన్న దడ ఆమెకు లేదు. ఇదివరకు ఆమె జీతం మాత్రమే ఇంటికి తెచ్చేది. ఇప్పుడు దారిలో మందులు, కూరగాయలు, అత్తగారి కళ్ళద్దాలు అన్నీ ఆ బుట్టలోనే వస్తున్నవి. అత్తగారు ఊరేమంటుందో అడగడం మానింది, పచ్చిమిరపకాయలు మరిచిపోవద్దని చెబుతున్నది.

ప్రమాదం సంగతి దాచిపెట్టి వ్రాస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మాది లారీల దారి. దక్షిణాన తొప్పూరు కనుమ ఉన్నది, అక్కడి ప్రమాదాల వార్తలు పత్రికల్లో చదవని నెల లేదు. హోసూరు నుంచి పాలక్కోడు మీదుగా వేసిన క్రొత్త రోడ్డు కూడా మా ఊరి దగ్గరే వచ్చి కలుస్తుంది. మొదటి ఏడాదిలోనే మాలో ఒకరి హ్యాండిలును లారీ తాకి పోయినది. మనిషి ప్రక్కనున్న మట్టిలో పడినాడు, మోచేయి తప్ప ఏమీ కాలేదు. లారీ ఆగలేదు. ఆ రాత్రి నాలుగిళ్ళలోనూ ఒకటే మాట, "ఇక చాలు" అని. ఆ తరువాత నాలుగు నియమాలు పెట్టుకొన్నాము. పెద్ద రహదారి జోలికి పోకుండా పాత సేలం రోడ్డు అంచునే పోవాలి. ఒకరి వెనుక ఒకరు, పక్కపక్కన మాట్లాడుకొంటూ కాదు. వెనుక ఎర్రదీపం, వెలుతురుకు మెరిసే పట్టీ తప్పనిసరి. చెవిలో పాటలు పెట్టుకొన్నవారు మాతో రాకూడదు.

అయినా నియమాలతోనే పని అయిపోదు. హాలండు దేశం పుట్టుకతోనే సైకిళ్ళ దేశమని మనవాళ్ళు అనుకొంటారు. అక్కడా మోటార్లు పెరిగి, 1971లో ఒక్క ఏడాదే మూడువేలమందికి పైగా రోడ్ల మీద పోయినారు. వారిలో నాలుగువందలకు పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి, పిల్లల్ని చంపడం ఆపమని కేకలు వేసినారు. సైకిళ్ళకు వేరే దారులు ఆ తరువాతనే పెద్ద ఎత్తున పడినవి. మన వద్ద బళ్ళో పిల్లలకు ప్రభుత్వంవారు సైకిళ్ళు ఊరికే ఇస్తున్నారు, అది మంచి పనే. ఆ సైకిలు పోవడానికి రోడ్డు పక్కన నాలుగడుగుల దారి మాత్రం లేదు. సాయంత్రం బడి వదిలిన వేళ ఒకే రంగు సైకిళ్ళు లారీల మధ్య నుంచి వస్తుంటే చూడాలి! ఆ దారి కోసం మేము నలుగురం సంతకాలు పెట్టి రెండు అర్జీలు పెట్టినాము. ఒకదానికి రశీదు వచ్చినది. గుమాస్తాలం కనుక రశీదు విలువ మాకు తెలుసును, దాని దారిద్ర్యమూ తెలుసును.

ఎండ విషయం ఒకటి చెప్పాలి. ధర్మపురి మాకు ఈశాన్యాన ఉన్నది. ఉదయం పోయేటప్పుడు సూర్యుడు ఎదుట, సాయంత్రం వచ్చేటప్పుడూ సూర్యుడు ఎదుటనే. ఊరు కట్టినవారు సైకిలును తలచుకోలేదు. ఆషాఢంలో, ఇక్కడివారు ఆడి అంటారు, నైరుతి గాలి వీస్తుంది. పొద్దున వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, సాయంత్రం ఆ చేత్తోనే రొమ్ము మీద పెట్టి నెడుతుంది. అప్పుడు అరగంట దారి నలభై ఐదు నిమిషాలు. చిత్తిరై ఎండకు తలకు తడిగుడ్డ, సీసాలో మజ్జిగ. ఐప్పసి వానలకు ఒక జత బట్టలు కచేరీ బీరువాలోనే ఉంచుతాము. రాగిసంగటి తిని బయలుదేరినవాడు దోసె తిన్నవానికంటె బాగా తొక్కుతాడని అన్నగారి వాదం. సోదరి ఒప్పుకోదు.

ఇదివరకు ఈ దారిని కిటికీలోంచి చూసినాము. ఇప్పుడు దారికి మేమూ తెలుసు. టీకొట్టు ముసలమ్మ మేము నలుగురమూ పోయినామా లేదా అని లెక్క పెడుతుంది. ఒకనాడు ముగ్గురమే పోతే, "నాలుగో తంబి ఎక్కడ?" అని ఆపి అడిగింది, జ్వరమని చెబితే మిరియాలు పొట్లం కట్టి ఇచ్చింది. టమాటా ధర మార్కెట్టు కంటె ముందు మాకు తెలుస్తుంది. ఏ పొలం అమ్ముడుపోయి రాళ్ళు పాతినారో, ఏ చింతచెట్టు ఈ ఏడు కాయలేదో తెలుస్తుంది. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉన్నాము, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అయినా దారిపొడవునా మనుషులు పేరుపెట్టి పిలవడం ఈ ఆరేళ్ళలోనే మొదలైంది.

సైకిలు కొనదలచినవారికి రెండు మాటలు. గేర్లు, లావు టైర్లు, చూడడానికి మోటారుసైకిలులాగా ఉండేవి ఈ దారికి అవసరం లేదు. మామూలు నల్ల సైకిలు చాలును. అంబత్తూరులో టి.ఐ. సైకిల్సువారు 1949లో కార్ఖానా పెట్టిన నాటినుంచి మన వీధిమెకానిక్కు చెయ్యి ఆ ఆకారానికే అలవాటు పడి ఉన్నది, స్పేరుభాగం ఏ పల్లెలోనైనా దొరుకుతుంది. సీటు ఎత్తు సరిగా పెట్టించుకోండి. పెడలు అడుగున ఉన్నప్పుడు కాలు ఇంచుమించు చాపుకొని ఉండాలి, లేకపోతే మోకాలు నొప్పి వస్తుంది, నెపం సైకిలు మీదకు పోతుంది. బ్రేకు కట్టెలు అరిగేదాకా ఆగవద్దు. పంక్చరు వేసే సామాను, చిన్న పంపు క్యారియరుకు కట్టుకోండి. మొదటి వారం రోజు విడిచి రోజు రండి. ఒళ్ళునొప్పులు నాలుగో రోజుకు వస్తవి, పదో రోజుకు పోతవి.

మేము పనిదినాలలో ఉదయం ఎనిమిదిన్నరకు కాలభైరవుని గుడి దారి మొగలో కలుసుకొంటాము, అయిదు నిమిషాలు చూసి బయలుదేరుతాము. రాదలచినవారు ఆడవారైనా మగవారైనా రావచ్చును. గాలి మాత్రం రాత్రే చూసుకొని రండి, పొద్దున ఆ వేళకు సైకిలు కొట్టు తెరవడు.